కర్రు సాగును, ఉప్పు పగులును, ఏల?

కల్లుప్పుపై సమ్మెట వేసిన పొడియగును. కాలిన యినుముపై వేసిన కర్రుగా సాగును. గాజులరామారపు రాతినేల దున్నువారికి ఈ భేదము తెలియదగినదని మేము తలంచుచున్నాము.

లోహమునందలి ప్రతి పరమాణువును తన యెలక్ట్రానులలో ఒకటి రెంటిని విడిచిపెట్టును. అవి ఏ యొక్కదాని సొత్తును గాక, మన సంఘపు మూలధనమువలె ఉమ్మడియై లోపల సంచరించుచుండును. రాగితీగ వెంట విద్యుత్తు పరుగెత్తుట ఈ సంచారమువలననే. పరమాణువుల వరుస జరిగినను ఉమ్మడిబంధము తెగదు గనుక లోహము సాగును. ఉప్పులో ధనకణమును ఋణకణమును ప్రక్కప్రక్కన నుండును. వరుస జరిగిన సజాతులు ఎదురుపడి ఒండొంటిని త్రోయును.

అయినను మెత్తని యినుము త్వరలో అరిగిపోవును. అందు కార్బను కొంచెము చేరిన, వరుసల నడుమ మేకువలె నిలిచి జరుగనీయదు, అదియే ఉక్కు. మనకు ఉత్తరముగా, నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో కరగించిన ఉక్కులో కార్బను నూటికి ఇంచుమించు ఒకటిన్నర పాళ్లుండెడిది. పారసీక వర్తకులు దానికై అంతదూరము వచ్చెడివారు! వాయిసీ దొర వ్రాసిన తద్వృత్తాంతము 1832లో అచ్చయ్యెను. కార్బను నూటికి మూడు నాలుగు పాళ్లైనచో పోతయినుమై, పెట్టుకు విరుగును.

ఎర్రగా కాల్చి నీట ముంచిన ఉక్కు కర్రు గట్టిదగును గాని పెళుసగును. రాతికి తగిలిన తునుగును. కమ్మరి దానిని మరల మెల్లగా కాచుట ఆ పెళుసు పోవుటకే. దుక్కి తరుముచున్నదని ఆ రెండవ కాపును మాన్పింపకుడు.