పంపుతూనే వినగలదా?

విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్డుకు రైలులో వెళుతుంటే ఎదురు రైలు రివ్వున దూసుకుపోతుంది. మన రైలు ఆగదు. అది జంట లైను కదా! నౌపడ దగ్గర 1900లో పర్లాకిమిడి లైట్ రైల్వేగా మొదలైన మార్గం అలాంటిది కాదు, ఒంటి లైను. ఒంటి లైను మీద ఎదురు రైలు వచ్చేదాకా మన రైలు స్టేషనులో కాచుకోవలసిందే. కంప్యూటర్ల మధ్య కబుర్లు కూడా ఈ రెండు రకాలుగానే నడుస్తాయి.

ఏమిటీ లైబ్రరీ?

సెల్‌ఫోనులో మీరొక పేజీ అడిగితే, ఆ అభ్యర్థన హెచ్.టి.టి.పి. అనే నియమావళి ప్రకారం ఎక్కడో ఉన్న సర్వరుకు చేరుతుంది. అడగడం, జవాబు అందుకోవడం అనే పనులు చేసిపెట్టే ప్రోగ్రాముల మూటే క్లయింట్ లైబ్రరీ. ఇది పుస్తకాల లైబ్రరీ కాదు సుమా!

మామూలుగా ఇది అభ్యర్థన అంతా పంపాకే జవాబు వింటుంది. అంటే ఒంటి లైను అన్నమాట. 2015లో ప్రమాణంగా వెలువడిన హెచ్.టి.టి.పి. రెండవ రూపంలో సందేశం ముక్కలుగా ప్రయాణిస్తుంది. ఏ ముక్క ఏ సంభాషణకు చెందిందో తెలిపే నంబరు దాని మీద ఉంటుంది. అందువల్ల పంపుతూ ఉండగానే జవాబు ముక్కలు రావచ్చు.

దీనితో లాభమేమిటి? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి వేళ ఒక తీర గ్రామం నుంచి గాలి వేగం లెక్కలు ఎడతెగకుండా పంపుతున్నారనుకోండి. "ఇక చాలు, వెంటనే షెల్టరుకు వెళ్లండి" అని అవతలి నుంచి జవాబు వచ్చింది. పంపడం పూర్తయ్యేదాకా వినని లైబ్రరీ ఆ మాటను ఎప్పుడు అందిస్తుంది?

పరీక్ష ఎలా?

మూడు ముక్కలు పంపి, చివరకు మూడు జవాబులు వచ్చాయా అని చూస్తే చాలదా? చాలదు. సాయంత్రం స్టేషను పుస్తకంలో రైళ్లన్నీ చేరినట్లు చూసి, లైను ఒంటిదో జంటదో చెప్పగలమా? తప్పు లైబ్రరీ కూడా ఈ పరీక్షలో గట్టెక్కుతుంది!

అందుకే అందిన ప్రతి ముక్కనూ వెంటనే తిప్పి పంపే సర్వరును పెడతారు. దాన్ని ప్రతిధ్వని సర్వరు అనవచ్చు. క్లయింటు "ఒకటి" పంపి, అభ్యర్థనను ముగించకుండా ఆగుతుంది. "ఒకటి" తిరిగి వస్తేనే "రెండు" పంపుతుంది. లైబ్రరీ ముక్కలను దాచిపెట్టుకునే రకమైతే ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోతారు. అందుకని 5 సెకన్ల గడువు పెడతారు. గడువు దాటితే లైబ్రరీ తప్పినట్లే.

చిన్న ముక్కలతోనే సరిపెట్టకూడదు. హెచ్.టి.టి.పి. రెండవ రూపంలో, అవతలివారు అందుకుని "ఇంకా పంపు" అనకుండా మొదట పంపగలిగేది మామూలుగా 65,535 బైట్లే. ఇద్దరూ వినకుండా పంపుతూనే పోతే ఈ హద్దు దగ్గర ఇద్దరూ ఆగిపోతారు. కనుక పది లక్షల బైట్లు పంపి కూడా చూడాలి.

మీరూ చేసి చూడండి

ముగ్గురు కూర్చోండి. మొదటివారు చీటీ రాసి మధ్యవారికివ్వాలి. మూడోవారు అందిన చీటీ మీద సంతకం పెట్టి తిప్పి పంపాలి. సంతకం చూశాకే రెండో చీటీ రాయాలి. ఇప్పుడు మధ్యవారిని "మూడు చీటీలు చేరేదాకా ఇవ్వకు" అని రహస్యంగా చెప్పి మళ్లీ ఆడండి. ఆట ఏ చీటీ దగ్గర ఆగింది?