రిఫ్రిజిరేటరు చప్పుళ్లు

రాత్రి ఇల్లు సద్దుమణిగిన తరువాత వంటయింటి మూలనుండి రిఫ్రిజిరేటరు గురగురమంటుంది, బుసకొడుతుంది, ఒక్కొక్కప్పుడు టక్కుమంటుంది. కొందరు ఇది చెడిపోయినదని భయపడి మీట కట్టివేస్తారు. లోపల ఉన్నవి పాలు, కూరలే కాకపోవచ్చు. మధుమేహరోగికి కావలసిన ఇన్సులిన్ కూడ ఉండవచ్చు. వాడకముందు దానిని 2 నుండి 8 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య ఉంచవలె. కనుక ఏ చప్పుడు సహజమో తెలిసికొనడం అవసరం.

రిఫ్రిజిరేటరు చలిని పుట్టించదు; లోపలి వేడిని తోడి వెలుపల పోస్తుంది. తోడే పని కంప్రెసరుది. మూసిన ఉక్కు డొల్లలో మోటారు, పంపు స్ప్రింగులపై నిలిచి ఉంటాయి. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు కలది. ప్రతి ఆవృత్తిలోను అయస్కాంతాకర్షణ రెండుసార్లు హెచ్చుతుంది గనుక మామూలు మోటారు సెకనుకు 100 కంపనాలతో జుమ్మంటుంది. ఆగినప్పుడు స్ప్రింగులపై ఊగి చిన్న కుదుపు ఇస్తుంది. ఇన్వర్టరు రకాలలో వేగంతోపాటు ధ్వని కూడ మారుతుంది.

ఇక గలగల శబ్దం. నేడు అనేక రిఫ్రిజిరేటర్లలో ఉండే ఐసోబ్యుటేన్ మామూలు వాతావరణ పీడనంలో సుమారు −12 డిగ్రీలకే మరుగుతుంది. కంప్రెసరు దానిని అదిమినప్పుడు తన వేడిని గదిలోనికి విడిచి ద్రవమవుతుంది. ఆ ద్రవం మిక్కిలి సన్నని గొట్టంగుండా పోయి, పీడనం తక్కువైన చోటికి చేరగానే బుసబుసమని మరుగుతుంది. మరుగుడంటే పొయ్యిమీది ఎసరే గుర్తుకువచ్చే మనకు ఇది వింతగా తోచవచ్చు. కాని పాలలోని వేడిని లాగుకొనేది ఆ మరుగుడే. మంచు దానంతట కరిగే రకాలలో నీటిబొట్లు వేడితీగపై పడి సుయ్యిమంటాయి. చలికి ముడుచుకొనే ప్లాస్టిక్ గోడలు చిటుక్కుమంటాయి.

ఎక్కువమందిని కలవరపెట్టేది, కరెంటు పోయి వెంటనే వచ్చినప్పటి చప్పుడు. గొట్టాలలో ఒకవైపు పీడనం ఇంకను హెచ్చుగానే ఉంటుంది. దానికి ఎదురొడ్డి చిన్న మోటారు తిరుగలేక కొద్ది సెకనులు మూలుగుతుంది. ఆ సమయాన విద్యుత్తు అధికంగా లాగుకొంటుంది. అప్పుడు రక్షక సాధనంలోని రెండు లోహాల రేకు వేడెక్కి వంగి, టక్కుమని ప్రవాహాన్ని తెంచుతుంది. చల్లారిన పిదప మరల ప్రయత్నం జరుగుతుంది. కొద్ది నిమిషాలలో సన్నగొట్టంగుండా పీడనాలు సమమై మోటారు తిరుగుతుంది. భయంతో మీట కట్టి, వెంటనే వేసేవారు ఈ అవస్థను తామే కల్పించుకొంటున్నారన్నమాట. కట్టిన తరువాత అయిదు నిమిషాలు ఆగవలె.

అయితే అరగంట గడచినా ఆ మూలుగు, టక్కు మాత్రమే వినబడుతూ, లోపల చల్లదనం తగ్గుతున్నచో అది సహజం కాదు. వోల్టేజి బాగా తగ్గి ఉండవచ్చు, లేదా మోటారును కదిలించే సాధనం పాడై ఉండవచ్చు. మెకానిక్కు వచ్చేలోపల ఇన్సులిన్‌ను పనిచేస్తున్న మరొక రిఫ్రిజిరేటరుకు చేర్చాలి. కేవలం గడగడలాడే చప్పుడైతే ముందుగా వెనుక గొట్టాలు గోడకు తగులుతున్నవేమో, నాలుగు కాళ్లూ నేలకు ఆనినవో లేదో చూడాలి. చాలసార్లు ఒక అట్టముక్కతోనే ఆ రోగం కుదురుతుంది.