ట్రాక్టరు టైర్లలో గాలి దిగుట

నఱికిన చెఱకు గానుగ చేరుట జాగైనకొలది తూకము తగ్గును, బెల్లపు నాణ్యము చెడును. కావున అనకాపల్లి రైతులకు ట్రాక్టరు టైరులో మెల్లగా గాలి దిగుట చిన్న సంగతి కాదని మనవి చేయుచున్నాము.

సాయంకాలము గట్టిగానున్న టైరు తెల్లవాఱుసరికి మెత్తబడినచో, మొదట వాల్వు మూతిపై సబ్బునీరు వేయుడు. బుడగలు లేచినచో లోని పిన్ను వదులైనదో, అరిగినదో చూచి బిగింపుడు, లేదా మార్పుడు. బుడగలు రాకున్నచో ట్యూబును తీయించి, గాలి నింపి, నీళ్ల తొట్టిలో ముంచి చిల్లిని కనిపెట్టవలెను. అతుకు వేసినంతమాత్రమున పని తీఱదు. గుడ్డ చుట్టిన చేతితో టైరు లోపలివైపు తడిమి, విఱిగిన తుమ్మముల్లును లాగివేయనిచో, ఆ ముల్లే మరల ట్యూబును పొడుచును. రిమ్మునకు పట్టిన తుప్పును గూడ గీకింపవలెను.

వాల్వునకు మూత తప్పక పెట్టుడు. చెఱకు ఎత్తుటకు ముందు, టైరు చల్లగానున్నపుడే గాలి కొలిపింపుడు. గాలి తగ్గిన టైరు బరువు క్రింద నలిగి ప్రక్కలు పగులును. అతుకుతో పోవు పనిని క్రొత్త టైరు వఱకు రానీయవలదని సభ్యులను కోరుచున్నాము.