ఒక లీటరు ఇంజిన్, 2,40,000 కిలోమీటర్ల మాట

ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 2013 జూన్‌లో మన మార్కెట్లోకి వచ్చినప్పుడు పెట్రోల్‌లో రెండు ఇంజిన్లు ఇచ్చారు. ఒకటి 1499 సీసీ, నాలుగు సిలిండర్లది, టర్బో లేనిది. శక్తి 112 పీఎస్, టార్క్ 140 న్యూటన్ మీటర్లు. రెండోది 999 సీసీ, మూడే సిలిండర్లు, టర్బో ఉన్నది. దీని శక్తి 125 పీఎస్, టార్క్ 170. అధికారిక పరీక్షలో పెద్ద ఇంజిన్ లీటరుకు 15.8 కిలోమీటర్లు ఇస్తే, చిన్నది 18.9 ఇచ్చింది. మూడింట ఒక వంతు తగ్గిన ఇంజిన్ బలంలోనూ మైలేజీలోనూ ముందుంది. దాని పేరు ఎకోబూస్ట్.

అంత చిన్న ఇంజిన్ మన దేశానికి నప్పడానికి పన్ను కూడా ఒక కారణం. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉంటే అప్పట్లో ఎక్సైజ్ సుంకం 12 శాతం. ఆ హద్దు దాటితే 24, ఆపైన. ఎకోస్పోర్ట్ పొడవు 3999 మిల్లీమీటర్లు. మిల్లీమీటరు తేడాతో చిన్న కారు. జీఎస్టీ వచ్చాక కూడా ఆ 1200 సీసీ గీత చెరగలేదు. 2025 సెప్టెంబరు నుంచి గీతకు ఇటు 18 శాతం, అటు 40 శాతం. ఇవాళ షోరూముల్లో ఒక లీటరు, 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఎస్‌యూవీలు ఇన్ని కనిపించడం వెనుక ఈ గీత ఉంది. అందుకే మన దగ్గర అమ్మకం ఎప్పుడో ఆగిపోయిన ఈ ఇంజిన్ కథ ఇప్పటి కొనుగోలుదారుకూ పనికొస్తుంది.

సిలిండర్ వ్యాసం 71.9 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణించే దూరం 82. మూడు సిలిండర్లకు గుణిస్తే 998.8 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 10:1. ఇంగ్లండ్‌లోని డంటన్ కేంద్రంలో ప్రధానంగా రూపుదిద్దుకుని, జర్మనీలోని కొలోన్‌లో, రొమేనియాలోని క్రయోవాలో తయారైంది. ఇంజిన్ దిమ్మ అడుగు వైశాల్యం ఏ4 కాగితంలో ఇమిడిపోతుంది. 2012, 2013, 2014ల్లో వరుసగా మూడేళ్లు అంతర్జాతీయ ‘ఇంజిన్ ఆఫ్ ది ఇయర్’ పురస్కారం దీనికే దక్కింది.

శక్తి అంకె కంటే నన్ను ఎక్కువ ఆకట్టుకునేది మరో లెక్క. టార్క్‌ని 12.57తో గుణించి ఇంజిన్ పరిమాణంతో భాగిస్తే, పవర్ స్ట్రోక్‌లో పిస్టన్ మీద సగటున ఎంత ఒత్తిడి పనిచేస్తోందో తెలుస్తుంది. పాత 1.5 లీటర్ల ఇంజిన్‌కి అది సుమారు 11.7 బార్. ఎకోబూస్ట్‌కి 21.4 బార్. పిస్టన్ తల వైశాల్యం 40.6 చదరపు సెంటీమీటర్లు కాబట్టి, ఒక్కో పిస్టన్ మీద సగటున 880 కిలోల పైచిలుకు బరువు పడుతున్నట్టు. పెద్ద ఇంజిన్‌తో పోలిస్తే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద దాదాపు రెట్టింపు భారం. అదీ 6000 ఆర్‌పీఎం దగ్గర కాదు. గరిష్ఠ టార్క్ 1400 నుంచే మొదలవుతుంది, అంటే రోజూ ఊళ్లో నడిపే వేగాల్లోనే ఇంత భారం.

ఇక టర్బో. దాని గరిష్ఠ వేగం నిమిషానికి 2,48,000 చుట్లు, అంటే సెకనుకు 4,133. ఆ ఇరుసును బేరింగుకు తగలకుండా మోసేది పల్చని ఆయిల్ పొర ఒక్కటే. టర్బో గురించి ఇంకెన్ని గుర్తుపెట్టుకున్నా, పెట్టుకోకపోయినా ఈ సంగతి మరిచిపోకూడదు.

ఇంజనీర్లు రాపిడిని తగ్గించడానికి ఎక్కడ వీలైతే అక్కడ పొదుపు చేశారు. మూడు సిలిండర్ల ఇంజిన్‌కి సహజంగా వచ్చే వణుకును ఆపడానికి బ్యాలెన్స్ షాఫ్ట్ పెట్టలేదు. ఫ్లైవీల్‌నీ, ముందున్న పుల్లీనీ కావాలనే అసమతూకంగా చేసి ఆ వణుకును మళ్లించారు. త్వరగా వేడెక్కడానికి దిమ్మను అల్యూమినియంతో కాక పోత ఇనుముతో చేశారు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను సిలిండర్ హెడ్‌లోనే కలిపేశారు. ఇవన్నీ తెలివైన పనులే. మెచ్చుకోకుండా ఉండలేం.

చిక్కంతా టైమింగ్ బెల్ట్ దగ్గర వచ్చింది. వాల్వులను తెరిచి మూసే కామ్‌షాఫ్ట్‌లను నడపడానికి సాధారణంగా రెండు పద్ధతులు. ఒకటి ఆయిల్‌లో తిరిగే ఇనుప చైన్. రెండోది ఇంజిన్ బయట పొడిగా తిరిగే రబ్బరు బెల్ట్. ఎకోబూస్ట్‌లో మూడో దారి తొక్కారు: రబ్బరు బెల్టునే ఆయిల్‌లో తిప్పారు. చప్పుడు తక్కువ, రాపిడి తక్కువ, స్థలమూ కలిసొస్తుంది. ఆయిల్ పంపుకి కూడా మరో చిన్న బెల్ట్ పెట్టారు, అదీ ఆయిల్‌లోనే. టైమింగ్ బెల్ట్ మార్పిడికి ఫోర్డ్ మొదట ఇచ్చిన గడువు పదేళ్లు లేదా 1,50,000 మైళ్లు, అంటే దాదాపు 2,40,000 కిలోమీటర్లు.

ఈ ఇంజిన్ వివరాల పట్టికలో నేను నమ్మని అంకె ఇదొక్కటే.

కిలోమీటర్లు ఇక్కడ తప్పు కొలమానం. బెల్ట్ నానేది దూరంలో కాదు, గంటల్లో. హైవే మీద సగటున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో నడిచే బండి 2,40,000 కిలోమీటర్లు పూర్తిచేయడానికి ఇంజిన్ 4,000 గంటలు తిరగాలి. హైదరాబాద్‌లో అమీర్‌పేట నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లొచ్చే బండి సగటు గంటకు 20 అనుకుంటే, అదే దూరానికి 12,000 గంటలు. ఓడోమీటర్ మీద రెండింటి అంకె ఒకటే, బెల్ట్ వయసులో మూడింతల తేడా.

పైగా ఇది పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజిన్. చల్లటి ఇంజిన్‌లో ఆ పెట్రోల్ కొంత గోడలకు అంటుకుని, రింగుల సందుల్లోంచి కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. దూరప్రయాణంలో ఇంజిన్ బాగా వేడెక్కి ఆ పెట్రోల్ ఆవిరైపోతుంది. రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపి, మళ్లీ సాయంత్రం రెండు కిలోమీటర్లు వెనక్కి వచ్చే బండిలో అది అక్కడే పోగవుతుంది. పెట్రోల్ కలిసిన ఆయిల్‌లో రబ్బరు ఉబ్బుతుంది, పగుళ్లిస్తుంది, దాని అంచులు రాలతాయి. తగిన గ్రేడ్ కాని ఆయిల్ పోసినా, సర్వీసు ఆలస్యం చేసినా అదే జరుగుతుంది.

ఆ తర్వాత జరిగేది వరుసగా చూడాలి, ఎందుకంటే చాలామంది బెల్ట్ తెగడమే ప్రమాదం అనుకుంటారు. తెగితే వాల్వులూ పిస్టన్లూ ఢీకొంటాయి, నిజమే. కానీ తెగకముందే ఇంజిన్ పోవచ్చు. రాలిన రబ్బరు పొడి ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. పంపు ఆయిల్ పీల్చుకునే చోట సన్నటి జాలీ ఉంటుంది, పొడి దాని మీద పేరుకుంటుంది. ప్రెషర్ తగ్గుతుంది. సెకనుకు నాలుగు వేల చుట్లు తిరిగే టర్బో ఇరుసుకు ఆ పల్చని పొర కరువవుతుంది, క్రాంక్ బేరింగులకూ అంతే. డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపం వెలిగేటప్పటికి సాధారణంగా ఆలస్యమై ఉంటుంది. చివరకు షెడ్డులో చెప్పే మాట ‘ఇంజిన్ సీజ్ అయింది’. కారణం మాత్రం నెలల ముందే మొదలైంది.

2023 డిసెంబరులో అమెరికాలో ఫోర్డ్ 1,39,730 బండ్లను రీకాల్ చేసింది. 2016–2018 ఫోకస్, 2018–2022 ఎకోస్పోర్ట్, అన్నీ ఈ ఒక లీటరు ఇంజిన్‌వే. అక్కడ లోపం పెద్ద బెల్టుది కాదు, ఆయిల్ పంపును నడిపే చిన్న బెల్ట్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్‌లది. టెన్షనర్ చెయ్యి విరగడం, బెల్ట్ పళ్లు ఊడిపోవడం, ఆయిల్ ప్రెషర్ పడిపోవడం, ఇంజిన్ ఆగిపోవడం, బ్రేకులకు పవర్ సాయం అందకపోవడం. అమెరికాలో అమ్మిన ఆ ఎకోస్పోర్ట్‌లు తయారైంది మన పక్కనే, చెన్నై శివారు మరైమలై నగర్ ప్లాంటులో. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లలో ఎవరి దగ్గరైనా ఈ బండి ఉంటే, అక్కడి రవాణా భద్రతా సంస్థ వెబ్‌సైట్లో బండి గుర్తింపు నంబరు (వీఐఎన్) కొట్టి రీకాల్ పని పూర్తయిందో లేదో ఇవాళే చూసుకోవాలి. పని ఉచితం.

కూలెంట్ లోపం ఇంకొకటి, కాస్త పాతది. 2011–2013 నాటి ఫోకస్ బండ్లలో ఇంజిన్‌కీ కూలెంట్ డబ్బాకీ మధ్య ఉండే సన్నటి గొట్టం విరిగి, కూలెంట్ కారిపోయి, హెడ్ వంగిపోయేది. చిన్న ఇంజిన్‌లో కూలెంట్ తక్కువ కాబట్టి ప్రమాదం ముంచుకురావడానికి పెద్దగా సమయం పట్టదు. ఫోర్డ్ తర్వాత ఆ గొట్టం మార్చింది.

ఆయిల్‌లో తడిసే బెల్ట్ చిక్కు ఫోర్డ్ ఒక్కదానిదీ కాదు. ప్యూజో, సిట్రోయెన్ బండ్లలోని 1.2 లీటర్ల ప్యూర్‌టెక్ టర్బో ఇంజిన్‌దీ ఇదే జబ్బు. వాటి మాతృసంస్థ స్టెలాంటిస్ 2024లో ఐరోపాలో ఆ ఇంజిన్ వారంటీని పదేళ్లు లేదా 1,75,000 కిలోమీటర్లకు పెంచింది, కొత్త తరం ఇంజిన్‌లో చైన్‌కి మారింది. ఫోర్డ్ కూడా ఎకోబూస్ట్ తర్వాతి రూపంలో టైమింగ్‌కి చైన్ తెచ్చింది. ఇద్దరు తయారీదారులు తిరిగి చైన్‌కే వచ్చారంటే, తప్పు యజమానులు పోసిన ఆయిల్‌లో మాత్రమే లేదని నేను అనుకుంటాను. రాపిడిలో మిగిలిన లాభం పరీక్షలో మైలేజీ అంకెగా తయారీదారుకు దక్కింది. ఎనిమిదో ఏట ఇంజిన్ ఖర్చు రెండో యజమాని మీద పడింది. ఇది న్యాయం కాదు.

మన దగ్గర ఎకోబూస్ట్ 2017 చివర్లో ఆగి, 2018 మేలో ఎకోస్పోర్ట్ ఎస్‌గా తిరిగొచ్చి, 2020లో బీఎస్6 నిబంధనలతో పూర్తిగా వెళ్లిపోయింది. 2017 చివరి నుంచి వచ్చిన 1.5 లీటర్ల మూడు సిలిండర్ల డ్రాగన్ పెట్రోల్ ఇంజిన్‌లో టర్బో లేదు కానీ, బెల్ట్ మాత్రం ఆయిల్‌లో తిరిగేదే. ‘నాది టర్బో కాదు’ అని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఇది గమనించాలి.

సెకండ్‌హ్యాండ్‌లో ఎకోబూస్ట్ చూస్తున్నవారికి నా సలహా. ఓడోమీటర్ కంటే ముందు సర్వీసు బిల్లులు అడగండి. ప్రతి బిల్లు మీద ఆయిల్ గ్రేడ్ ఉండాలి: 5డబ్ల్యూ-20, ఫోర్డ్ ప్రమాణం డబ్ల్యూఎస్ఎస్-ఎం2సి948-బి. ఇంజిన్‌లో పట్టేది సుమారు నాలుగు లీటర్లే, అందులో పొదుపు చేసి సాధించేదేమీ లేదు. ఊళ్లోనే తిరిగే బండికి ఏడాది లేదా 10,000 కిలోమీటర్ల గడువులో సగానికే ఆయిల్ మార్చడం మంచిది. బండికి ఎనిమిదేళ్లు నిండి, బెల్ట్ మార్చిన బిల్లు లేకపోతే, రెండు బెల్టులు, టెన్షనర్, చాంబర్ విప్పి జాలీ శుభ్రం చేసే పని అన్నీ కలిపి ఎంతవుతుందో ముందే అడిగి తెలుసుకోండి. ఆ పనికి ప్రత్యేకమైన లాకింగ్ టూల్స్ కావాలి, అవి ఉన్న షెడ్డులోనే చేయించాలి. ఆ మొత్తాన్ని బేరంలో తగ్గించమనండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.