మన సీమలో పీర్ల పండుగ

రాత్రి రెండు జాములు గడచిన పిదప పల్లెలో తప్పెట మ్రోగినచో, అది పెండ్లిదో, దేవరదో, శవయాత్రదో పడకమీదినుండి లేవకయే చెప్పగలవారు రాయలసీమలో నేటికిని కలరు. పెండ్లి దెబ్బ వేరు, చావు దెబ్బ వేరు. పీర్లకు కొట్టు దెబ్బ ఈ రెంటికిని చెందక, రెంటినుండియు కొంత తీసికొని నడుమ నిలిచినట్లుండును. అందు దుఃఖము కలదు; కాళ్లను నిలువనీయని ఉత్సాహమును కలదు. చెవితోనే లోకమును చూచుట కలవాటుపడిన శ్రోతలకు ఈ పండుగను ఆ చప్పుడునుండియే పరిచయము చేయుట తగునని మేము తలచితిమి.

నందికొట్కూరు కర్నూలునుండి ఆత్మకూరునకు పోవు బాటమీది ఊరు. 2022 ఏప్రిల్ వరకు కర్నూలు జిల్లాలోనిది, ఆ పిదప నంద్యాల జిల్లాలోనిది. ఈ చుట్టుపట్టులందును, ఇటు కడప, అటు అనంతపురము పల్లెలందును మొహరము నెలవంక కనబడగానే పీర్ల చావిడి తలుపులు తెరచుకొనును. సంవత్సరమంతయు మూసియుండు ఆ చిన్న యిల్లు పదిదినములు ఊరికి నడిబొడ్డగును.

పండుగ వెనుకనున్న కథ అందరికిని కొంత తెలిసినదే. అయినను చెప్పక తప్పదు. హిజరీ శకము 61వ సంవత్సరమున, అనగా క్రీస్తు శకము 680 అక్టోబరు 10వ తేదీన, యూఫ్రటీసు నదికి చేరువనున్న కర్బలా మైదానమున మహమ్మదు ప్రవక్త మనుమడు ఇమాము హుసేను తన పరివారముతో వధింపబడెను. యజీదు అధికారమునకు తలయొగ్గనొల్లకుండుటయే ఆయన చేసిన నేరము. ఆయన పక్షమున నిలిచినవారు డెబ్బదిద్దరని సంప్రదాయము. ఏడవనాటినుండి వారికి నీరు అందకుండ సైన్యము నదిదారిని మూసివేసెను. పిల్లల దాహము చూడలేక తోలుతిత్తి పట్టుకొని నీటికై పోయిన తమ్ముడు అబ్బాసు తిరిగి రాలేదు. ఆయనయే ఆ చిన్న దండునకు జెండా మోసినవాడు. నేడు మన పల్లెలలో ఎత్తు పీరు ఆ జెండాకు ప్రతిరూపము.

అరబ్బు ఎడారిలో జరిగిన ఈ కథ మన నల్లరేగడి పొలములలోనికి ఎట్లు వచ్చెను? చరిత్రకారులు చెప్పు సమాధానము రాజులది. గోలకొండ కుతుబ్‌షాహీలు షియా మతస్థులు. మహమ్మదు కులీ కుతుబ్‌షా 1590 ప్రాంతములలో హైదరాబాదున బాదుషాహీ ఆషుర్ఖానా కట్టించెను. కర్నూలు నవాబుల పాలన 1839 వరకు సాగెను. ఆ నవాబుల సీమలోనిదే నందికొట్కూరు. రాజులు చేసిన పండుగను ప్రజలును చేసిరనుట సత్యమే. కాని రాజులు పోయిన పిదపను, నవాబు ముఖమెన్నడును చూడని పల్లెలలోను ఈ పండుగ నిలిచియుండుటకు అది చాలిన కారణము కాదు. మాకు తోచునది మరొకటి కలదు. ఇది దాహము తెలిసిన నేల. సుంకేసులనుండి కర్నూలు–కడప కాలువ వచ్చిన కొలదియేండ్లకే, 1876–78 కరవు ఈ సీమను ఊడ్చివేసెను. బిడ్డకు గ్రుక్కెడు నీరు దొరకక చనిపోవుటయన నేమో వివరించి చెప్పవలసిన అక్కర ఇచటివారికి లేదు. కథలోని పేర్లు పరాయివి; కష్టము మాత్రము సొంతము.

ఈ మాటకు ఆచారమే సాక్ష్యము. పీరు వీథిలోనికి వచ్చినపుడు ఇల్లిల్లాలు బిందెతో నీరు తెచ్చి పీరు నెత్తినవాని కాళ్లమీద ధారగా పోయును. ఆ పోయు తల్లి హుసేను చరిత్ర పూర్తిగా ఎరిగియుండకపోవచ్చును. దప్పికతో పోయినవానికి నీళ్లు పోయుచున్నానని మాత్రము ఆమె ఎరుగును. బెల్లపు పానకము పంచుటయు ఆ దప్పికను తలచుకొనియే.

ఇక పీరనగా నేమి? వెండితోగాని, ఇత్తడితోగాని, పంచలోహములతోగాని చేసిన ఫలకము. కొన్ని అరచేతి ఆకారమున నుండును. ఆ ఐదువేళ్లు ప్రవక్తను, ఆయన కుమార్తె ఫాతిమాను, అల్లుడు అలీని, మనుమలు హసను, హుసేనులను సూచించునని చెప్పుదురు. కొన్ని గుఱ్ఱపునాడా వలె వంగియుండును. ప్రతి పీరునకును ఒక పేరు కలదు: హసేను, హుసేను, కాశీము, మౌలాలీ, బీబీ ఫాతిమా. పీరు అను పారసీక పదమునకు అర్థము పెద్ద, గురువు అని. జెండాకు ఆ పేరు వచ్చుట దక్కనులో జరిగిన మార్పు. ఏడాది పొడవునను ఇవి బట్టలలో చుట్టబడి పెట్టెలో నిదురించును. కాపాడు ముజావరు పెక్కు ఊళ్లలో ముస్లిము. దూదేకులవారును అనేకచోట్ల ఈ పని చేయుచున్నారు. ఒక్క ముస్లిము కుటుంబమును లేని గ్రామములలో రైతులే పెట్టెను కాచి, వేళకు పీర్లను నిలుపుట కలదు. బయటివారికి వింతగా తోచు ఈ సంగతి ఊరివారికి వింత కాదు.

నెలవంక చూచిననాడు చావిడి ఎదుట గుద్దలి వైచి గుండము త్రవ్వుదురు. పీర్లను చింతపండుతో తోమి, తళతళలాడజేసి, వెదురుగడలకు కట్టి, మొక్కుబడిగా వచ్చిన రంగురంగుల గుడ్డలు చుట్టుదురు. ఈ గుడ్డలను దట్టీలందురు. పూలదండలు వేయుదురు. ఊదు పొగ లేవగా ముజావరు ఫాతెహా చదువును. బెల్లము, బొరుగులు, చక్కెర, మలీద చదివింపులుగా వచ్చును. నెమలియీకల కట్టతో తలమీద తట్టించుకొనుటకై తల్లులు పసిపిల్లలను ఎత్తుకొని వరుసలో నిలుతురు. పిల్లవాడు బ్రతికి బట్టకట్టినచో పండుగకు ఫకీరును చేయుదుమని మొక్కుకొన్నవారు, వానికి పచ్చనిబట్ట తొడిగి, మెడలో రంగుదారములు వైచి, ఐదిండ్ల భిక్ష మెత్తింతురు. అట్లు ఎత్తినవారిలో సాయిబుల పిల్లలు, రెడ్ల పిల్లలు, బోయల పిల్లలు, మాలమాదిగల పిల్లలు అందరును ఉందురు. సీమ పల్లెలలో హుసేనప్ప, కాశీమప్ప, మౌలాలి, కుళ్లాయప్ప, ఫకీరమ్మ యను పేర్లు హిందువుల యిండ్లలో కనబడుట ఈ మొక్కుల ఫలమే.

మొదటి దినములలో పీర్లు చావిడిలోనే యుండును. పిదప ఊరేగింపులు మొదలగును. అనంతపురము వైపు వీనిని చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు అందురు. మాట వినుటకు తెలుగువలె నున్నను, దీని మూలము నగరమును చుట్టివచ్చుట యను అర్థము గల 'షహర్ గష్త్' అను పారసీక పదము. పెద్ద సరిగెత్తు రాత్రి నిదుర యుండదు. గుండములో మొక్కుల కట్టెలు మండుచుండ, ఉప్పు విసరినవారి చేతిక్రింద చిటపటలు లేచుచుండ, యువకులు చుట్టును చేరి అలాయి త్రొక్కుదురు. పులివేషగాండ్రు దుముకుదురు. పీరును ఎత్తినవానికి పూనకము వచ్చును. వానిచుట్టు మూగి వాన గురించియు, పెండ్లిని గురించియు, తప్పిపోయిన ఎద్దును గురించియు అడుగువారు కలరు. వేకువజామున పీర్లు పట్టుకొన్నవారు నిప్పులమీద నడచిపోవుదురు. చల్లారిన పిదప ఆ బూడిద చిటికెడు ఇంటికి తీసికొనిపోవుట వాడుక.

అనంతపురము జిల్లా నార్పల మండలములోని గూగూడు కుళ్లాయిస్వామి ఈ పీర్లలో మిక్కిలి ప్రసిద్ధుడు. కుళ్లాయి యనగా టోపీ. ఆయన చావిడికి చేరువనే ఆంజనేయుని గుడి కలదు. వచ్చినవారు రెండుచోట్లను మ్రొక్కి పోవుదురు. కన్నడసీమనుండియు జనము వత్తురు. తెలుగు కవియు పరిశోధకుడును అగు అఫ్సర్ మహమ్మద్ ఈ ఊరిని ఆధారము చేసికొని ఆంగ్లమున వ్రాసిన గ్రంథమును 2013లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించెను.

తమ ఊరికొక రక్షకుడుండవలెనను కోరిక మనకే పరిమితము కాదు. ఇటలీలో గుబ్బియో యను పట్టణమున ప్రతి మే 15వ తేదీని, ఊరి పునీతుడైన ఉబాల్డో పండుగకు ముందునాడు, ఒక్కొక్కటి సుమారు మూడువందల కిలోల బరువుగల మూడు కొయ్యస్తంభములను భుజములమీద మోసికొని యువకులు కొండపైకి పరుగెత్తుదురు. సిసిలీ ద్వీపమున కెటానియా ప్రజలు ఎట్నా అగ్నిపర్వతమునుండి తమ్ము కాచు పునీత అగాథాను ఫిబ్రవరి మొదటి వారమున ఊరేగింతురు. భుజముమీద బరువు, వీథులనిండ వాద్యములు, మొక్కులు, కన్నీరు — చూడగా మన సరిగెత్తువలెనే యుండును. అయితే అచటి ఊరందరిదియు, పునీతునిదియు ఒకటే మతము. మన పీరును మోయు భుజములలో సగము ఆయన మతమునకు చెందినవి కావు. ఈ భేదమును చిన్నదిగా ఎంచరాదని మా అభిప్రాయము.

ఈ పండుగకు స్థిరమైన ఋతువు లేదు. హిజరీ సంవత్సరము చాంద్రమానము. మన పంచాంగమునకువలె అధికమాసమును చేర్చి సరిచేయుట అందులేదు. అందుచేత పండుగ ఏటేట పది పదునొకండు దినములు ముందునకు జరుగును. మనదేశమున పదియవనాడు 2023లో జూలై 29, 2024లో జూలై 17, 2025లో జూలై 6 తేదీలకు వచ్చెను. ముప్పదిమూడేండ్లలో ఋతువులన్నిటిని చుట్టివచ్చును. ఒక తరము విత్తుల వేళను, మరియొక తరము కళ్లముల వేళను ఇదే పండుగను తలచుకొనును. కళ్లములలో గింజలున్నపుడు వచ్చు పండుగయే గొప్పదని రైతులందురు. చదివింపులు అపుడే దండిగా వచ్చునుగదా!

ఇక మొదట చెప్పిన తప్పెట సంగతి. గుండ్రని కొయ్యచట్రమునకు చర్మము బిగించి చేసిన వాద్యమిది. కుడిచేత పొట్టి కర్ర, ఎడమచేత సన్నని పుల్ల. చలిగాలికి చర్మము వదులైనచో మ్రోత బొంగురుపోవును. కావున నడుమనడుమ గడ్డిమంట వైచి కాచుదురు. పీర్ల పండుగలో గుండము ప్రక్కనే యుండుటచే ఆ శ్రమ లేదు. తప్పెటతోపాటు తాషాయు, సన్నాయియు కొన్నిచోట్ల కలియును. ఈ తాషా సముద్రములు దాటినది. పందొమ్మిదవ శతాబ్దిలో చెరకుతోటల కూలికై కలకత్తానుండియు, చెన్నపట్టణమునుండియు ఓడలెక్కి ట్రినిడాడు ద్వీపమునకు పోయినవారు దానిని వెంట తీసికొనిపోయిరి. అచట ఈ పండుగను 'హోసే' యందురు. హుసేను పేరే అట్లు మారినది. అచటివారును తాషాను మంటకు కాచియే వాయించుదురు. 1884 అక్టోబరు 30వ తేదీన శాన్ ఫెర్నాండో పట్టణములోనికి ఊరేగింపులు రాగూడదని ఆజ్ఞాపించిన ఆంగ్ల ప్రభుత్వము వానిమీద కాల్పులు జరిపించగా పదిమందికి పైగా మరణించిరి. హిందువులును ఆ ఊరేగింపులలో నుండిరి.

మన ఊళ్లలో తప్పెట కొట్టువారు పెక్కుచోట్ల మాదిగ కుటుంబములవారు. ఊరందరి పండుగ యని మనము గర్వముతో చెప్పుకొందుము. పీరును తాకుటకు ఎవరికిని అడ్డులేని ఊళ్లలో సయితము, తప్పెట మాత్రము ఒక్క వాడవారి విధిగనే యుండెను. అది కోరి చేసిన పని కాదు, వెట్టి. ప్రతిఫలము నాలుగు గింజలు. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమము ఆ వాద్యమునే తన ఆత్మగౌరవమునకు గుర్తుగా ఎత్తుకొనిన పిదప, కొందరు యువకులు ఊరిపనికి తప్పెట పట్టమనిరి. వారిని తప్పుపట్టు హక్కు ఊరికి లేదు. తగిన కూలియిచ్చి, కళాకారులుగా పిలిచి, మర్యాదతో వాయింపించు ఊళ్లలో ఆ దెబ్బ నిలుచును. అట్లు చేయనిచోట అద్దె బ్యాండుసెట్టు సినిమాపాటను వాయించును. పీరు దానికే లేవవలసివచ్చును.

చిక్కులు ఇంకను కలవు. నిప్పులమీద నడచుట, జెండాకు మ్రొక్కుట ఇస్లామునకు సమ్మతము కావని కొందరు మతపెద్దలు బోధించుచున్నారు. వారి ధర్మశాస్త్రము వారికి కలదు. దానిని తేలికగా మాటలాడుట తగదు. అన్యమతపు పండుగ మనకేల యని హిందువులలోను అడుగువారు కలరు. ఈ ప్రశ్నలు రెండును పల్లెకు బయటినుండి వచ్చినవే. పల్లెవాని జవాబు వాదముగా నుండదు: మా తాత ఎత్తినాడు, నేను ఎత్తుచున్నాను, నా కొడుకు పేరు హుసేనప్ప.

పదియవనాటి సాయంకాలము పీర్లు జలధికి పోవును. జలధి యనగా సముద్రము. కాని మనకు ఏరో, చెరువో, కాలువయో, అదియు లేనిచోట బావియో జలధి. దారిపొడవునను స్త్రీలు కన్నీరు పెట్టుకొందురు. గట్టుమీద దట్టీలు విప్పి, పీర్లను కడిగి, తెల్లగుడ్డలో చుట్టి, తలమీద పెట్టుకొని తిరిగి వత్తురు. పోవునపుడు మ్రోగిన తప్పెటలు వచ్చునపుడు చంకక్రింద వ్రేలాడుచుండును. చావిడిలో పెట్టె మూత పడును. మరునాడు గుండమును మట్టితో పూడ్చుదురు. పిల్లలు అందు మాడిన ఉప్పుగల్లులకై వెదకుచుందురు.