అరక ఎద్దు లాంటి బ్యాటరీ

చిలకలూరిపేటలో ఓ మోస్తరు ఇంటికి వెళ్తే, మిద్దె మెట్ల కిందో వసారా మూలనో చక్రాల ట్రాలీలో కూర్చున్న నల్లటి పెట్టె ఒకటి కనిపిస్తుంది. 2012 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో స్పిన్నింగు మిల్లులకు పవర్ హాలిడేలు, ఊళ్ళకు గంటల కొద్దీ కోతలు నడిచిన రోజుల్లో ఇన్వర్టర్‌తో పాటు ఇళ్ళలోకి వచ్చిన పెట్టె అది. 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు మళ్ళీ కోతలు పెట్టినప్పుడు దాని విలువ ఇంకోసారి తెలిసొచ్చింది. మిగతా రోజుల్లో దాన్ని పలకరించే నాథుడు ఉండడు. కరెంటు పోయి, ఫ్యాన్ నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయాక మాత్రం, ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరి తిట్టిపోస్తారు.

అదే పెట్టెను వ్యాన్‌లోకి ఎక్కించి, పక్కన మంచమూ చిన్న ఫ్రిజ్జూ పెడితే దాని పేరు హౌస్ బ్యాటరీ. మోటార్‌హోమ్ అనే బండికి ప్రాణాలు రెండు. ఒకటి ఇంజన్‌ను లేపే బ్యాటరీ, రెండోది బండి ఆగాక లోపల కాపురాన్ని నడిపే బ్యాటరీ. రెంటికీ పైన ఉండే డబ్బా ఒకేలా ఉంటుంది, రెండూ పన్నెండు వోల్టులే అంటాయి. ఆ పోలికే చాలామందిని ముంచుతుంది.

తెలుగువాళ్ళకు బండిలో కాపురం కొత్త సంగతేమీ కాదు. 1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యాన్ ఒకదాన్ని మార్పించి, చైతన్య రథం అని పేరు పెట్టి, కొడుకు హరికృష్ణ స్టీరింగ్ పట్టగా నెలల తరబడి రాష్ట్రమంతా తిరిగారు. నిద్ర అందులోనే, రోడ్డు పక్కనే స్నానం, దాని మీద నిలబడే ప్రసంగం. ఇప్పటి సినిమా తారల కారవాన్లకు అది తాత వరస. ఇంత ఆర్భాటం లేని కాపురం మరొకటి ఉంది. పేట మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద పత్తి బేళ్ళతో, మిర్చి టిక్కీలతో నడిచే ప్రతి లారీ క్యాబిన్ డ్రైవరుకు పడకగదే. 2025 అక్టోబరు 1 తర్వాత తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. కానీ ఆ ఏసీ ఇంజన్‌తో నడిచేది. ధాబా దగ్గర ఇంజన్ ఆపి పడుకుంటే, చిన్న ఫ్యాన్‌కు దిక్కు బ్యాటరీయే. ఆ ఫ్యాన్ రాత్రంతా తిరిగితే తెల్లారి సెల్ఫ్ కొట్టదు. ఒకే బ్యాటరీ చేత రెండు చాకిరీలు చేయిస్తే వచ్చే తంటా ఇది.

రెండు బ్యాటరీల్లో ఇంజన్‌ను లేపేదే అసలైందని, ఇంటిని నడిపేది తర్వాత వచ్చిన సోకు అని చాలామంది లెక్క. చరిత్ర చూస్తే వరస తిరగబడుతుంది.

1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకుల మధ్య గుడ్డ పెట్టి, చాపలా చుట్టి, నీళ్ళు కలిపిన గంధకామ్లంలో ముంచాడు. కరెంటు ఎక్కించి మళ్ళీ తీసుకోగలిగిన మొదటి బ్యాటరీ అదే. పత్తి ఊరివాళ్ళు గమనించాల్సింది, సీసంతో పాటు నేతగుడ్డ కూడా ఈ యంత్రం పుట్టుకలో ఉందన్నది. ఈనాటి ఇంటి ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ బ్యాటరీలో కూడా పాజిటివ్ ప్లేటు సరుకును పట్టి ఉంచేవి పాలియెస్టర్ నేత గొట్టాలే. ప్లాంటే బ్యాటరీతో చిక్కేమిటంటే, రేకులు పదునెక్కడానికి నెలల తరబడి ఎక్కించడం, దించడం చేయాల్సి వచ్చేది. 1881లో కమీల్ ఫోర్ సీసపు ఆక్సైడును ముద్దగా కలిపి రేకులకు మెత్తాడు. ఆ పనితో నెలలు రోజులయ్యాయి, బ్యాటరీ అంగట్లోకి వచ్చింది.

అదే ఏడాది అక్టోబరులో లండన్ నుంచి బ్రైటన్ వెళ్ళే రైల్లో ఒక పుల్‌మన్ పెట్టెకు ఫోర్ బ్యాటరీలతో విద్యుద్దీపాలు వెలిగించారు. చక్రాల మీద ఇంటికి వెలుగిచ్చిన తొలి బ్యాటరీల్లో ఒకటన్నమాట. మోటారు కారుకు విద్యుత్ స్టార్టరు రావడం 1912లో, కాడిలాక్ కారుతో. అంటే ఇంజన్‌ను లేపే బ్యాటరీ కంటే ముప్పై ఏళ్ళ ముందే, ప్రయాణికుల కాపురానికి దీపం పట్టిన బ్యాటరీ ఉంది. వరసలో పెద్దది హౌస్ బ్యాటరీయే.

రెంటికీ తేడా ఏమిటో ఒంగోలు జాతి పశువులు తెలిసిన ప్రాంతంలో చెప్పడం తేలిక. తిరనాళ్ళలో బండలాగే ఎద్దు జత ఉంటుంది. కాసేపట్లో ఒంట్లోని సత్తువంతా ఒక్కసారిగా తీస్తుంది, మిగతా రోజులు ఉలవలు తిని దర్జాగా ఉంటుంది. అరక దున్నే ఎద్దు అలా కాదు, పొద్దున కాడి వేస్తే పొద్దుగూకేదాకా ఒకే నడక. స్టార్టరు బ్యాటరీ మొదటి రకం. పల్చటి ప్లేట్లు ఎక్కువ సంఖ్యలో, స్పాంజిలా ఉంటాయి. కొన్ని సెకన్ల పాటు వందల ఆంపియర్లు ఇచ్చి, వెంటనే డైనమో చేత మళ్ళీ నింపించుకుంటుంది. దాన్ని రోజూ అడుగంటా వాడితే కొన్ని పదుల సార్లకే చతికిలపడుతుంది. హౌస్ బ్యాటరీ అరక ఎద్దు. ప్లేట్లు మందం, దూకుడు తక్కువ, ఓర్పు ఎక్కువ.

ఎంత పెద్దది కావాలన్నది వంటలెక్క లాంటిదే. ముప్పై వాట్ల ఫ్యాన్ ఎనిమిది గంటలు తిరిగితే 240 వాట్-అవర్లు. పది వాట్ల దీపాలు నాలుగు గంటలు, 40. నలభై అయిదు వాట్ల చిన్న కంప్రెసర్ ఫ్రిజ్జు రోజంతా ఉండి, సగం సేపు నడిచిందనుకుంటే 540. మొత్తం 820. పన్నెండు వోల్టుల మీద ఇది సుమారు 68 ఆంపియర్-అవర్లు. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకపోతే ఎక్కువ కాలం మన్నుతుంది కాబట్టి, ఇంటి ఇన్వర్టర్లకు కొనే 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ ఈ సంసారానికి సరిగ్గా సరిపోతుంది. చుట్టాలొస్తే చాలదు.

ఏసీ మాట ఎత్తితే మాత్రం లెక్క తలకిందులవుతుంది. వెయ్యి వాట్ల ఏసీకి, ఇన్వర్టర్ మింగేది కూడా కలిపితే, తొంభై అయిదు ఆంపియర్ల దాకా లాగాలి. లాగుడు పెరిగేకొద్దీ బ్యాటరీ ఇచ్చే మొత్తమే తగ్గిపోతుందని 1897లో విల్హెల్మ్ పాయ్‌కర్ట్ సూత్రం కట్టాడు. డబ్బా మీద రాసిన 150 చాలా బ్యాటరీల్లో ఇరవై గంటల్లో నిదానంగా వాడితే వచ్చే అంకె. ఏసీ వేస్తే ఆ బ్యాటరీ సగానికి దిగడానికి ముప్పావు గంట కూడా పట్టదు. అమ్మేవాళ్ళు ఈ ముక్క ముందుగా చెప్పడం అరుదు.

బ్యాటరీ ఎలా చస్తుందో తెలిస్తే బతికించడం ఎలాగో దానంతటదే తెలుస్తుంది. కరెంటు ఇస్తున్నప్పుడు రెండు రకాల ప్లేట్ల మీదా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది, ఆసిడ్ పల్చబడి నీళ్ళవుతుంది. ఎక్కిస్తే ఆ సల్ఫేటు కరిగి మళ్ళీ ఆసిడ్‌లోకి పోతుంది. వెంటనే ఎక్కించకుండా వారాలు వదిలేస్తే, పాకం ముదిరి పటికబెల్లం పలుకులు కట్టినట్టు సల్ఫేటు గట్టి స్ఫటికాలై కూర్చుంటుంది. తర్వాత ఎంత ఎక్కించినా ఆ మేరకు ప్లేటు పోయినట్టే. మోటార్‌హోమ్ బ్యాటరీల్లో చాలా వాటికి ఈ అరకడుపు చావే రాసిపెట్టి ఉంటుంది. పేట నుంచి విజయవాడకు గంటన్నర బండి నడిపితే డైనమో నింపేసి ఉంటుందిలే అనుకుంటారు. ఎనభై శాతం దాకా త్వరగా తాగుతుంది గాని, చివరి అయిదో వంతు గంటల కొద్దీ చప్పరిస్తూ తీసుకునే స్వభావం దానిది. బండి పైన రెండు వందల వాట్ల సోలార్ పలక ఉంటే, పల్నాటి ఎండకు రోజుకు ఏడెనిమిది వందల వాట్-అవర్లు వస్తాయి. సాయంత్రం దాకా నింపే ఓపిక సూర్యుడికి ఉంది.

ఆ సూర్యుడే శత్రువు కూడా. పాతిక డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ సీసపు బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఈ రంగంలో పాత కొండగుర్తు. ఇదే పల్నాడు జిల్లాలో రెంటచింతల ఎండాకాలం రాగానే పేపర్లలోకి ఎక్కుతుంది. అలాంటి చోట మే నెలలో ఎండలో నిలిపిన వ్యాన్ లోపల, గాలాడని పెట్టెలో, యాభై డిగ్రీలు దాటడం వింత కాదు. చల్లటి దేశాల కోసం రాసిన పుస్తకాలు బ్యాటరీని వెచ్చగా దాచమంటాయి. ఇక్కడ నీడ కావాలి, గాలి కావాలి. వేడిలో ఎక్కించే వోల్టేజి కూడా తగ్గించాలి. 25 డిగ్రీల దగ్గర 14.4 వోల్టులు సరైనదైతే, 45 దగ్గర 13.9 చాలు. ఉష్ణోగ్రత చూసే తీగ ఉన్న ఛార్జర్ ఈ పని తనంతట తాను చేసుకుంటుంది. అది లేని చౌక ఛార్జర్ బ్యాటరీని నిదానంగా ఉడకబెడుతుంది.

ఉడికితే నీళ్ళు తగ్గుతాయి. అప్పుడు పోయాల్సింది డిస్టిల్ వాటర్. బోరు నీళ్ళు పోస్తే వాటిలోని ఇనుము, క్లోరైడు ప్లేట్ల పని పడతాయి. ప్రకాశం, పల్నాడుల్లో బోరు నీటి ఉప్పదనం గిన్నెలకు పట్టే తెల్లటి పొరలోనే తెలుస్తుంది. ఇరవై లీటర్ల టిన్ను మినరల్ వాటర్ కూడా డిస్టిల్ వాటర్ కాదు. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళు పట్టి పోసే పొదుపరులూ ఉన్నారు. అది ఆవిరి నుంచి చుక్కకట్టిన నీరే గాని, కాయిల్ మీది దుమ్మూ లోహమూ కడుక్కొని వస్తుంది. నీళ్ళు పోసేది ఛార్జింగ్ పూర్తయ్యాక. ముందే నిండా పోస్తే ఎక్కేటప్పుడు పొంగి, ఆసిడ్ బయటికి చిమ్ముతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం, అవి మునిగేదాకా ముందు పోసి, మిగతాది తర్వాత.

మెకానిక్కులు గ్రావిటీ అనేది హైడ్రోమీటరు అంకెను. నిండిన బ్యాటరీలో ఆసిడ్ సాంద్రత నీటితో పోలిస్తే 1.27 దరిదాపుల్లో ఉంటుంది. వాళ్ళు చుక్క తీసేసి పన్నెండు డెబ్బై అంటారు. బ్యాటరీలోని ఆరు గదుల్లో, అంటే సెల్స్‌లో, అయిదు పన్నెండు యాభై చూపించి, ఒకటి పదకొండు యాభై దగ్గర ఆగితే, సెల్ పోయిందని అర్థం. మీటరుతో వోల్టులు చూసేవాళ్ళు బ్యాటరీకి కొన్ని గంటలు విశ్రాంతి ఇచ్చాక చూడాలి. 12.7 అంటే నిండుకుండ, 12.2 సగం, 12 కంటే దిగితే దాదాపు అడుగు. ఛార్జర్ తీసిన వెంటనే కనిపించే 13 చూసి మురిసిపోతే లాభం లేదు.

ఎక్కేటప్పుడు వచ్చే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది. గాలిలో అది నాలుగు శాతం దాటితే నిప్పురవ్వకు పేలుతుంది. మంచం కింద మూసేసిన అరలో ట్యూబులర్ బ్యాటరీ పెట్టి, ఆ మంచం మీదే బీడీ వెలిగించే ఏర్పాటు ఏ వడ్రంగి చేసినా వద్దనాల్సిందే.

మార్చే రోజు వచ్చిందనుకుందాం. చేతి ఉంగరాలు, కడియం తీసేయాలి. తీగలు ఎలా ఉన్నాయో ఫోనుతో ఒక ఫొటో. ముందు నెగెటివ్ తీగ విప్పాలి. పాజిటివ్‌తో మొదలుపెడితే, పానా బండి చాసిస్‌కు తగిలిన క్షణంలో వందల ఆంపియర్లు దాని గుండా పోయి ఎర్రగా కాలుతుంది. బిగించేటప్పుడు నెగెటివ్ చివర. టెర్మినళ్ళ మీది పచ్చటి, తెల్లటి బూజును వంటసోడా నీళ్ళతో కడిగి, ఆరాక వాజలైన్ రాస్తారు. ఆ సోడా నీళ్ళు గదుల్లోకి పడకుండా మూతలు బిగించి ఉండాలి. ఆసిడ్‌తో కలిపి 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బరువు యాభై కిలోలు దాటుతుంది కాబట్టి, నడుము మీద నమ్మకం ఉన్నా ఇద్దరు ఎత్తడం మేలు.

రెండు బ్యాటరీల జత ఉంటే, పాడైన ఒక్కదాన్నే మార్చి డబ్బు మిగుల్చుకోవాలని అందరికీ అనిపిస్తుంది. ముసలి ఎద్దు పక్కన కోడె గిత్తను కట్టి అరక తోలినవాళ్ళకు ఆ సంగతి చెప్పక్కర్లేదు. కాడి వంకర పోతుంది. సిరీస్‌లో పాతది ముందే నిండి ఉడుకుతూ ఉంటుంది, కొత్తది సగమే నిండుతుంది. వాడేటప్పుడు పాతది ముందే ఖాళీ అయి కూలబడుతుంది. ఏడాది తిరిగేలోపు కొత్తది కూడా పాతదాని వయసుకు వచ్చేస్తుంది.

ఇప్పుడు పోటీకి వచ్చింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ దగ్గర పనిచేసిన అక్షయ పాఢి, నంజుండస్వామి అనే ఇద్దరు భారతీయులు ఆయనతో కలిసి 1997లో ప్రకటించిన పదార్థం ఇది. వంద ఆంపియర్-అవర్ల ప్యాకు పన్నెండు, పదమూడు కిలోలే, ఎనభై శాతం దాకా నిర్భయంగా వాడుకోవచ్చు, వేల సార్లు నింపొచ్చు, నీళ్ళ గొడవ లేదు. ధర ఎక్కువ. బండికి పెట్టేటప్పుడు డైనమోకు నేరుగా కలపకూడదు. ఆగకుండా తాగే దాని దాహానికి డైనమో వేడెక్కి కాలిపోవచ్చు, మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి. వోల్టు మీటరు దీని దగ్గర పనికిరాదు, నిండుగా ఉన్నా పావే ఉన్నా 13 చుట్టూనే తిరుగుతుంది. లోపలికీ బయటికీ పోయే ఆంపియర్లను లెక్కపెట్టే మీటరు కావాలి. ఎండ దీన్ని కూడా విడిచిపెట్టదు. చాలా ప్యాకులకు 45 నుంచి 55 డిగ్రీల పైన ఛార్జింగ్ కూడదని తయారీదారులే రాస్తారు, అది దాటితే లోపలి రక్షణ సర్క్యూట్ తలుపు మూసేస్తుంది.

సీసం బ్యాటరీలతో తిరుపతి దగ్గర కరకంబాడిలో ఎదిగిన అమర రాజా కూడా అటే నడుస్తోంది. గల్లా రామచంద్ర నాయుడు 1985లో మొదలుపెట్టిన ఆ సంస్థ, 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్ కర్మాగారానికి 2023లో పునాది వేసింది. పేరులోంచి బ్యాటరీస్ అన్న మాటను కూడా తీసేసి ఎనర్జీ అండ్ మొబిలిటీ అని పెట్టుకుంది.

ఇక విప్పిన పాత ట్యూబులర్ సంగతి. బరువులో సగానికి పైగా సీసమే కాబట్టి దుకాణంవాళ్ళు ఎక్స్ఛేంజ్ కింద తూచి తీసుకుంటారు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు దాన్ని తిరిగి సేకరించే బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి. పాత సామాన్ల బండికి నాలుగు రూపాయలు ఎక్కువకి వేస్తే, ఎక్కడో పెరట్లో ఆసిడ్ కాలవలోకి, సీసం మూకుట్లోకి పోతాయి. ఆ పొగ, ఆ మసి చుట్టుపక్కల పిల్లల మెదడుకు చేసే చెరుపు మళ్ళీ బాగుపడేది కాదు. దుకాణంలో రసీదు తీసుకుని, కొత్త బ్యాటరీని నిండా ఛార్జ్ చేసి, డబ్బా పక్కన చెరిగిపోని పెన్నుతో తేదీ వేసి, దాని కింద ఆరు గదుల గ్రావిటీ వరసగా రాసి పెట్టుకుంటే, మూడేళ్ళ తర్వాత మే నెలలో హైడ్రోమీటరు ముంచినప్పుడు పోల్చి చూసుకోవడానికి ఆరు అంకెలు ఉంటాయి.