లేచే నేల, కుంగే నేల

ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. నేను ఆరో తరగతి పిల్లలకు పాఠం చెబుతున్నాను. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న హిమాలయాలలో, రాళ్ళ మధ్య సముద్రపు గుల్లలు దొరుకుతాయని చెప్పాను. వెనక బల్ల మీది కుర్రవాడు ఒకడు లేచి, "గుల్లలు కొండెక్కాయా మాస్టారూ, లేక కొండే సముద్రంలోంచి లేచిందా?" అని అడిగాడు.

క్లాసంతా గొల్లున నవ్వింది. పాఠం ముగించాలన్న తొందరలో నేను, "అది పరీక్షకు రాదు, కూర్చో!" అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ తరవాత నన్ను మరెన్నడూ ప్రశ్న అడగలేదు.

అదే ప్రశ్న నాకు ఇటలీ దేశంలో, ఒక సముద్రతీరపు ఊళ్ళో మళ్ళీ ఎదురయింది. ఆ సంగతే ఇప్పుడు చెబుతాను.

మా అబ్బాయి నేపుల్స్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. నేను అక్కడికి వెళ్ళినప్పుడు ఒకనాటి ఉదయం మా అబ్బాయీ, పదేళ్ళ మనమరాలూ, నేనూ చిన్న రైలెక్కి పడమటి దిక్కుగా బయలుదేరాం. అరగంటలోపలే పొజ్జువోలీ అనే ఊరు చేరాం. రేవులో చేపల పడవలు, గట్టు వెంబడి ఇళ్ళు, ఎదురుగా నీలపు సముద్రం. చూడటానికి చాలా ప్రశాంతంగా ఉన్న ఊరు.

రెండువేల ఏళ్ళనాడు ఈ ఊరి పేరు పుతెయోలీ. రోము నగరానికి అప్పట్లో ఇది ముఖ్యమైన రేవు. ఈజిప్టు నుంచి ధాన్యపు ఓడలు ఇక్కడికే వచ్చేవి. మన దేశపు మిరియాల వంటి సరుకులు కూడా ఎర్ర సముద్రమూ, ఈజిప్టూ దాటి రోమనుల చేతికి అందేవి. ఆ కాలపు రోమను నాణేలు మన నల్లగొండ, గుంటూరు ప్రాంతాలలో తవ్వకాలలో దొరికాయి.

రేవుకు కాస్త దూరంలో, పల్లంగా ఉన్న ఒక ఆవరణలో మూడు పాలరాతి స్తంభాలు నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటి 40 అడుగులకు పైగా ఎత్తు. 1750 లో ఇక్కడ తవ్వినప్పుడు సెరాపిస్ అనే దేవుడి విగ్రహం దొరికింది. దాంతో అందరూ దీన్ని సెరాపిస్ గుడి అన్నారు. నిజానికి ఇది గుడి కాదు, రోమనుల కాలపు బజారు!

మా మనమరాలు స్తంభాలకేసి తేరిపార చూసి, "తాతయ్యా, వీటికి చెదపట్టిందా?" అని అడిగింది.

రాతికి చెదపట్టదు గదా! కాని పిల్ల అన్నదాంట్లో తప్పు లేదు. స్తంభాల అడుగు భాగం సుమారు 12 అడుగుల దాకా నున్నగా ఉన్నది. దానిపైన 9 అడుగుల మేర రాతి నిండా తొలిచినట్టుగా రంధ్రాలున్నాయి. ఆ పైన మళ్ళీ రంధ్రాలు లేవు.

ఈ రంధ్రాలు చేసింది ఒకరకం ఆల్చిప్ప. అది తన ఒంటి నుంచి ఊరే ద్రవంతో సున్నపురాతినీ, పాలరాతినీ కరిగించి, అందులో గూడు చేసుకుని బతుకుతుంది. అయితే ఆ ప్రాణి ఉప్పునీటిలో తప్ప మరెక్కడా బతకదు. అంటే, ఈ స్తంభాలు ఒకప్పుడు రంధ్రాలున్నంత ఎత్తు వరకూ సముద్రంలో మునిగి ఉండాలి. మరి కింది భాగం ఎందుకు నున్నగా ఉన్నది? అప్పటికే అది మట్టిలోనూ, రాళ్ళూరప్పలలోనూ కూరుకుపోయి ఉన్నది గనక ఆల్చిప్పలకు అందలేదు.

"అయితే సముద్రం పైకి వచ్చిందా, నేల కిందికి పోయిందా?" అన్నది పిల్ల.

ముప్ఫై ఏళ్ళనాటి కుర్రవాడు నా కళ్ళ ముందు నిలిచాడు. ఈసారి నేను తొందరపడలేదు. స్తంభాల ఎదుట ఉన్న గట్టు మీద కూర్చుని, పిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"పళ్ళెంలో నీళ్ళు పోశావనుకో. ఒక మూల మాత్రమే నీళ్ళు పెరుగుతాయా?" అని అడిగాను.

"పెరగవు. పెరిగితే అంతటా పెరుగుతాయి."

"సముద్రం కూడా అంతే. ఈ ఊళ్ళో సముద్రం 20 అడుగులు పెరిగి ఉంటే చుట్టుపక్కల తీరమంతటా పెరిగి ఉండాలి. అన్ని ఊళ్ళూ మునిగి ఉండాలి. అలా జరగలేదు. కనక కదిలింది సముద్రం కాదు, నేలే!"

1828 లో చార్లెస్ లయెల్ అనే స్కాట్లండు భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ స్తంభాలను స్వయంగా చూశాడు. ఇక్కడి నేల కుంగిందనీ, తరవాత మళ్ళీ లేచిందనీ, స్తంభాలు కూలకుండా నిలబడ్డాయి గనక ఈ కదలిక నెమ్మదిగా జరిగిందనీ ఆయన గ్రహించాడు. 1830 లో ఆయన అచ్చువేసిన గొప్ప గ్రంథానికి ముఖచిత్రం ఈ మూడు స్తంభాలే.

నేల ఎందుకు లేస్తుంది? పొజ్జువోలీ ఒక అగ్నిపర్వతం పక్కన ఉన్న ఊరు కాదు, అగ్నిపర్వతం లోపలే ఉన్న ఊరు! సుమారు 40,000 ఏళ్ళనాడు ఇక్కడ మహాభయంకరమైన విస్ఫోటనం జరిగి, నేల కుంగి, 12 కిలోమీటర్లకు పైగా వెడల్పుగల పెద్ద పల్లెం ఏర్పడింది. అందులో సగం సముద్రం కిందనే ఉన్నది. భూగర్భంలో వేడి వాయువులూ, ఆవిరీ, కరిగిన రాయీ పోగై ఒత్తిడి పెరిగినప్పుడు నేల పైకి ఉబుకుతుంది. అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీది మూత లేవటం మీరు చూశారు గదా! ఒత్తిడి తగ్గితే నేల కుంగుతుంది. ఇందులో కరిగిన రాతి పాలు ఎంత, వాయువుల పాలు ఎంత అన్నది శాస్త్రజ్ఞులు ఇంకా చర్చిస్తూనే ఉన్నారు.

1538 లో నేల 20 అడుగులదాకా లేచింది. సముద్రం వెనక్కు పోయి చేపలు ఒడ్డున మిగిలితే జనం ఏరుకున్నారు. సెప్టెంబరు 29 న నేల పగిలి నిప్పులు కక్కింది. వారం రోజులలో సుమారు 430 అడుగుల కొండ లేచింది. ఒక గ్రామం దాని కింద సమాధి అయింది. ఆ కొండను ఈనాటికీ "కొత్త కొండ" అనే పిలుస్తారు.

ఆ మధ్యాహ్నం మేము ఊరి వెనక ఉన్న సోల్ఫతారా వైపు వెళ్ళాం. అక్కడ నేల నుంచి గంధకపు పొగలు వస్తాయి. 2017 లో అక్కడ జరిగిన ప్రమాదంలో ముగ్గురు చనిపోయారు. అప్పుడు దాన్ని మూసివేశారు. మేము వెళ్ళినప్పుడు కూడా గేటు వేసే ఉన్నది. అయినా కుళ్ళిన కోడిగుడ్ల వంటి వాసన రోడ్డు మీదికే వచ్చింది. మరుసటి రోజు పక్కనే ఉన్న బాయా వెళ్ళి, అద్దపు అడుగుగల పడవ ఎక్కాం. రోమను ధనవంతుల విలాస భవనాలు అక్కడ నీటి అడుగున ఉన్నాయి. రంగురాళ్ళు పొదిగిన గచ్చు మీద చేపలు తిరుగుతున్నాయి! పొజ్జువోలీలో లేచిన నేల, ఇంత దగ్గరలో మునిగే ఉన్నది.

ఈ ఊరికీ, మన ఊళ్ళలో కట్టే ఇళ్ళకూ ఒక చుట్టరికం ఉన్నది. ఇక్కడి అగ్నిపర్వతపు బూడిదను సున్నంతో కలిపితే నీటిలో కూడా గట్టిపడుతుందని రోమనులు కనిపెట్టి, దానితో సముద్రంలో రేవుగోడలు కట్టారు. ఆ బూడిదకు ఈ ఊరి పేరు మీదనే "పొజొలానా" అని పేరు వచ్చింది. మీ వీధిలో ఇల్లు కడుతుంటే సిమెంటు సంచీ మీద చూడండి, "పి.పి.సి." అని ఉంటే మధ్య అక్షరం ఈ పొజొలానాదే! మన సిమెంటులో ఆ బూడిదకు బదులు సాధారణంగా బొగ్గు బూడిద కలుపుతారు.

మేము తిరిగి వచ్చేముందు రేవులో ఒక ముసలి బెస్తాయన వల బాగుచేసుకుంటూ కనబడ్డాడు. మా అబ్బాయి ఇటాలియనులో పలకరించాడు.

"నాకు అప్పుడు పదేళ్ళు," అన్నాడాయన, ఎదుటి గుట్ట మీది పాత పేటను చూపిస్తూ. "1970 మార్చి 2 న సైనికులు వచ్చి, నేల లేస్తున్నది, వెంటనే ఖాళీ చెయ్యండన్నారు. మూడువేల మందిమి కదిలాం. నా బడిసంచీ ఇంట్లోనే ఉండిపోయింది. మళ్ళీ ఆ ఇంట్లో మేము కాపురం చెయ్యలేదు."

1982-84 మధ్య నేల ఇంకొక 6 అడుగులు లేచింది. రేవులో లోతు తగ్గి పడవలకు కష్టమయింది. సుమారు 40,000 మందిని వేరేచోట్లకు తరలించారు. తరవాత నేల కొంత కుంగింది. 2005 నుంచి మళ్ళీ లేవసాగి, 2024 నాటికి 4 అడుగులకు పైగా లేచింది. 2024 మే 20 న వచ్చిన భూకంపం వల్ల వందలాది కుటుంబాలు ఇళ్ళు వదలవలసి వచ్చింది.

"మరి భయం లేదా?" అని అడిగించాను.

"ఉన్నది. అందుకే గుమ్మం పక్కన సంచీ సర్ది పెట్టుకున్నాను. కాగితాలు, మందులు, టార్చిలైటు. ఈసారి సంచీ మరిచిపోను," అని ఆయన నవ్వాడు.

1841 లో స్థాపించిన వెసూవియస్ పరిశోధనశాల వారు రాత్రింబగళ్ళు ఈ నేలను కొలుస్తూ ఉంటారు. నేలను ఆపటం ఎవరి తరమూ కాదు. కాని అది ఎటు కదులుతున్నదో కనిపెట్టి ఉంటే ప్రాణాలు దక్కించుకోవచ్చు.

ఆనాటి కుర్రవాడికి ఇప్పుడు నలభై ఏళ్ళు దాటి ఉంటాయి. బహుశా అతని పిల్లలు ఈ పత్రిక చదువుతూ ఉండవచ్చు. నాయనా, ఆలస్యంగానైనా జవాబు చెబుతున్నాను: గుల్లలు కొండెక్కలేదు. కొండే సముద్రంలోంచి లేచింది. హిమాలయాలు లేవటానికి కారణం వేరు, అక్కడ రెండు భూభాగాలు ఒకదానితో ఒకటి ఒత్తుకున్నాయి. కాని నీ ప్రశ్న సరైన ప్రశ్న. నిన్ను కూర్చోమనటం నా పొరపాటు.